మొరం బాట సర్దార్

ఇంటర్వెల్ బెల్లు కొట్టిన కాసేపటికి ఫోన్ మోగింది. చూస్తే చిన్నమ్మ, మా కాక భార్య. ఆమె నాకు ఫోన్ చేయడమే అరుదు. చేసినా "మీ కాకకు జర నువ్వన్న చెప్పు సారూ" అని ఫిర్యాదుతోనే మొదలుపెట్టేది. ఆ రోజు ఫిర్యాదు లేదు.

"మీ కాక పోయిండు సారూ. పొద్దుగాల చాయ తీస్కపోయి లేపితె లేవలే. మంచంల పోయిండు. సైకిల్ మీద కాదు, గట్టు మీద కాదు. మంచంల. అందరికి గట్లనే చెప్పు."

ఆ చివరి మాటలు ఆమె ఏడుస్తూ చెప్పలేదు. కోర్టులో గెలిచినవాళ్ళు తీర్పు చదివి వినిపించినట్టు చెప్పింది. బోథ్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి ఆమెకు ఒకటే పాట పాడారు. సగం ఊపిరితో గుట్టలెక్కే మొగుణ్ణి ఇంట్లో కట్టేసుకోవాలి గానీ ఊరి మీదికి వదిలేస్తావా, ఏదో ఒకనాడు ఆ సైకిల్ మీదే పోతాడు అని. అలా అన్నవాళ్ళలో మొదట్లో నేనూ ఉన్నాను. ఇప్పుడు చిన్నమ్మ మా అందరి నోళ్ళూ ఒక్క ఫోనుతో మూయించింది.

స్టాఫ్ రూంలో కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు వచ్చింది. దాంతోపాటే నవ్వూ వచ్చింది. ఈయనకేమైందోనని హిందీ సారు భయపడి మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మా సైకిళ్ళ జట్టులో ఎవరికీ అది ఆయన పేరులా అనిపించదు. మాకు ఆయన కాక. పాలు పోసే అబ్బికీ కాకే, బస్సు కండక్టరుకూ కాకే, ఆయనకంటే రెండేళ్ళు పెద్దయిన పక్కింటి పటేలుకు కూడా కాకే. నస్పూర్ దగ్గర బొగ్గు బాయిలో, అంటే గనిలో, ముప్పై ఏళ్ళు పనిచేసి, రిటైరై, బోథ్ దగ్గరి సొంతూరికి వచ్చి నాలుగెకరాల్లో పత్తి పెట్టుకున్నాడు. అంతకు మించి ఆయన జీవిత చరిత్ర నాకు తెలియదు. అడగనూ లేదు. నాకు బాగా తెలిసింది ఆయన సైకిల్ తొక్కే తీరు.

నేను కరీంనగర్ వాణ్ణి. బోథ్ హైస్కూలుకు లెక్కల మాస్టారుగా బదిలీ మీద వచ్చాను. వచ్చిన ఏడాదికే షుగర్ వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. నడకంటే నాకు పరమ విసుగు, ఎంతసేపు నడిచినా మన వీధి చివరే ఉంటాం. ఫోన్లో వీడియోలు చూసి చూసి ఒక గ్రావెల్ సైకిల్ తెప్పించుకున్నాను. రేసు సైకిల్‌కు ఉన్నట్టే హ్యాండిలు కిందికి వంగి ఉంటుంది, టైర్లు మాత్రం లావు. మొరం బాటల మీద, బండ్ల దారుల మీద, గుట్టల మీద పోవడానికి చేసిన బండి. మా వీధివాళ్ళు దాని హ్యాండిలు చూసి పొట్టేలు కొమ్ములని పేరు పెట్టారు.

మొదటి ఆదివారం పొద్దున్నే బయల్దేరి, ఊరు దాటి మొరం బాట ఎక్కానో లేదో, ఒక పత్తి చేను పక్కన నా పని అయిపోయింది. ముందు చక్రం జారింది. నేను ఎడమ పక్కకు, సైకిల్ కుడి పక్కకు. చేనులోంచి ఒక ముసలాయన వచ్చాడు. బక్కపలచని మనిషి, మోకాళ్ళ పైకి కట్టిన లుంగీ, చేతిలో వెదురు కర్ర. నన్ను లేపుతాడనుకున్నాను. ఆయన నన్ను దాటుకుపోయి, చక్రం జారిన చోట నేల మీద కర్రతో రెండుసార్లు కొట్టి, తల వంచి విన్నాడు.

"బాట మంచిగనే ఉన్నది. నువ్వే బిగపట్టినవ్ సారూ."

నేను సారునని మీకెట్లా తెలుసు అని అడిగాను, ఇంకా నేల మీదే కూర్చుని.

"పడ్డంక కాలు చూసుకోలే, చెయ్యి చూసుకోలే. జేబుల పెన్నున్నదా లేదా చూసుకున్నవ్."

అప్పుడు లేపాడు. లేపి, చేనులో ఉన్న కొట్టంలోకి తీసుకుపోయి, ఎరువుల సంచీ కప్పిన ఒక వస్తువు మీంచి సంచీ తీశాడు. అచ్చం నా సైకిల్ లాంటిదే ఇంకోటి, నా దానికంటే పాతది. షార్జాలో ఆటసామాన్ల దుకాణంలో పనిచేసే కొడుకు సెలవుకు వస్తూ విడి భాగాలుగా అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చాడట. "చెప్పులు తెమ్మంటె గిది తెచ్చిండు" అన్నాడు కాక. గొంతులో ఫిర్యాదు ఉంది గానీ, చైనుకు పూసిన నూనె చూస్తే ఆ బండికి రోజూ స్నానం చేయిస్తున్నాడని తెలిసిపోతోంది.

అలా మొదలైంది. కొన్నాళ్ళకు మేం నలుగురమయ్యాం. కాక, నేను, రైతుల చేలు తిరిగే వ్యవసాయ విస్తరణాధికారి సుజాత, ఇచ్చోడలో మందుల దుకాణం నడిపే రమేశ్. ఆదివారం ఆదివారం నలభై, యాభై కిలోమీటర్లు. తారు రోడ్డు ఎక్కితే కాకకు మొహం మాడిపోయేది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బండ్ల బాట ఉందంటే చాలు, అది ఎంత చుట్టయినా, ఎంత ఏటవాలైనా దాని మీదే పోవాలి.

ఆ వెదురు కర్ర సైకిల్ కడ్డీకి కట్టి ఉండేది. బాయిలో ఆయన సర్దార్. అంటే ఒక జట్టు ప్రాణాలకు పూచీ పడ్డ మనిషి. కూలీలు పని మొదలుపెట్టే ముందు సర్దార్ పోయి కర్రతో పైకప్పును కొట్టి వినాలి. "ఖంగుమంటె పని. బొద్దుమంటె బైటికి" అనేవాడు. ఆ అలవాటు బయటికొచ్చాక కూడా పోలేదు. వాగు దాటే ముందు రాయిని కొట్టేవాడు. కల్వర్టును కొట్టేవాడు. నా టైర్లను కొట్టేవాడు. ఒకరోజు నేను లెక్కల పాఠం చెప్పినంత సీరియస్‌గా గేర్ల గురించి ఏదో వివరిస్తుంటే, దగ్గరికొచ్చి నా హెల్మెట్ మీద రెండుసార్లు కొట్టి, తల వంచి విన్నాడు. సుజాత పక్క ఊరొచ్చేదాకా నవ్వుతూనే తొక్కింది.

ఇంకో అలవాటు, ముఖం పైకెత్తి తొక్కడం. దిగుడులో, గాలి చెవుల్లో హోరుమంటున్నప్పుడు, నేను బ్రేకుల మీద వేళ్ళు బిగించి చచ్చీ బతికీ దిగుతుంటే, మలుపులో ఓరగా చూస్తే ఈయన వెనక ఆకాశం చూస్తూ దిగుతుండేవాడు. కాకా, బాట చూడండి అని అరిచేవాణ్ణి.

"మీద కప్పు లేదు సారూ," అనేవాడు. "కప్పు లేని జాగల ఫికర్ ఏంది?"

ఇక మెచ్చుకోలు సంగతి. ఆయన నోట వచ్చే అతిపెద్ద మెచ్చుకోలు "నడుస్తది". కుంటాల జలపాతం నిండుగా దూకుతుంటే చూసి నడుస్తది అన్నాడు. మనవరాలికి తరగతిలో మొదటి ర్యాంకు వస్తే నడుస్తది అన్నాడు. నలభై ఏళ్ళుగా జొన్నరొట్టె చేతిలో పెడుతున్నా ఇంకో మాట వినలేదని చిన్నమ్మ నా దగ్గర బాధపడింది.

బాయి నుంచి తెచ్చుకున్నది కర్ర ఒక్కటే కాదు. బిళ్ళల పద్ధతి కూడా. బాయిలో దిగే ప్రతి మనిషికీ ఒక బిళ్ళ ఉంటుందట. దిగేటప్పుడు ఇచ్చి, పైకొచ్చాక తీసుకోవాలి. ఒక్క బిళ్ళ మిగిలిందంటే ఒక మనిషి లోపల ఉన్నట్టు. మాకోసం కాక సోడా మూతలు చదును చేసి, మేకుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గీసి పెట్టాడు. పొద్దున బయల్దేరే ముందు ఎవరి బిళ్ళ వాళ్ళు ఆయన తంబాకు డబ్బీలో వేయాలి. తిరిగొచ్చాక ఎవరిది వాళ్ళు తీసుకోవాలి. అంతవరకు ఎవరూ ఇంటికి పోకూడదు. రమేశ్ ఇదంతా చిన్నపిల్లలాట అనేవాడు. ఒకసారి తన మామగారి ఊరు దగ్గరపడితే చెప్పకుండా అటు జారుకోబోయాడు. అప్పుడు చెప్పాడు కాక.

"మా షిప్టుల ఒకడుండె. బామ్మర్ది పెండ్లున్నదని బిళ్ళ తీసుకోకుండ, ఎవ్వరికి చెప్పకుండ ఎల్లిపోయిండు. ఈడ బిళ్ళ మిగిలింది. లోపట ఉన్నడనుకున్నం. కప్పు బొద్దుమంటున్న జాగలకు పదకొండు మందిమి పోయినం వాని కోసం. రెండు గంటలు ఎతికినం. వాడు గాడ పెండ్లి బువ్వ తింటుండు."

"తర్వాత?" అంది సుజాత.

"తర్వాతేంది. మేం బైటికి ఎల్లంగనే కప్పు కూలింది. అందరం బతికినం. వాడు తెల్లారి మంచిగ వచ్చిండు, నెత్తిల అచ్చింతలు గూడ దులపలే. నేను వాన్ని ఒక్క మాట అనలే. బిళ్ళ చేతుల పెట్టిన. వాడే ఏడ్చిండు."

రమేశ్ ఆ రోజు మామగారి ఊరు పోలేదు.

ఊపిరి సంగతి కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ళ బొగ్గు దుమ్ము ఆయన గుండెల్లో ఉంది. రిటైరయ్యే ముందు పరీక్ష చేసిన డాక్టరు, ఊపిరితిత్తులు సగమే పనిచేస్తున్నాయి, మెట్లెక్కేటప్పుడు జాగ్రత్త అన్నాడట. కాకకు ఆ మాట ముల్లులా దిగింది. జబ్బుకు బాధపడలేదు, ఆ మెట్ల మాటకు బాధపడ్డాడు. "గింత లోతుకు దిగి ఎక్కినోన్ని. మెట్లట" అని మూతి తిప్పేవాడు. ఆయనకు ఒక పంతం పట్టుకుంది. మా వైపు ఏడు మలుపుల గట్టు అని ఒక గుట్ట ఉంది. కింద ఊరి నుంచి పైన గోండు గూడెం దాకా మూడు కిలోమీటర్ల మొరం బాట, ఏడు మలుపులు, రెండు పక్కలా టేకు చెట్లు, కంప. ఎద్దుల బండ్లు తిరిగి తిరిగి చక్రాల కింద రెండు గాడులు పడ్డాయి. సైకిల్ పోవాలంటే ఒక గాడిలో ఒకరి వెనక ఒకరు పోవాల్సిందే. ఆ గట్టును కాలు కింద పెట్టకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపున ఎక్కాలి. ఎక్కి ఆ మెట్ల డాక్టరుకు ఉత్తరం ముక్క రాయాలి. అదీ ఆయన కోరిక.

చిన్నమ్మ దీనికి ఒప్పుకోలేదు. ఆమె ప్రతిఘటన మామూలుది కాదు. గాలి పంపు దాచేది. ఒకసారి ముందు చక్రం ఊడదీయించి జొన్నల గుమ్మిలో పాతిపెట్టింది. కాక వరసగా నాలుగు రోజులు ఒంటి చక్రం సైకిల్‌ను వాకిట్లో పెట్టి, దాని ఎదురుగా కూర్చుని రొట్టె తిన్నాడు. ఐదో రోజు ఆమే గుమ్మి చూపించింది. నేను వాళ్ళింటికి పోయినప్పుడు నా మీద పడింది.

"ముప్పై ఏండ్లు బాయిలకు దిగిండు. పైకొచ్చేదాంక నేను పొయ్యి ముంగట కూసుండి సైరన్ వినుకుంట బతికిన. ఇగ దిగుడు అయిపోయిందిరా దేవుడా అనుకుంటె ఎక్కుడు షురూ చేసిండు. నాకు మల్ల గదే పరేషాన్ కాదా సారూ?"

ఆమె పెట్టిన రొట్టె తిని, తల వంచుకుని ఇంటికొచ్చాను.

మొదటిసారి రెండో మలుపు దగ్గర ఊపిరందక దిగిపోయాడు. రెండోసారి నాలుగో మలుపు. దిగడం అంటే ఆయనకు సిగ్గు లేదు, కూర్చుని దమ్ము తీసుకుని, మిగతా గట్టు నడిపించుకుంటూ ఎక్కేవాడు. కానీ దాన్ని ఎక్కడం కింద ఒప్పుకునేవాడు కాదు. వానలకు ముందు మూడోసారి ప్రయత్నించినప్పుడు ఆరో మలుపు దాకా వచ్చేశాడు. అప్పుడు ముందున్న రమేశ్ చక్రం జారి ఆగిపోయాడు. గాడిలో పక్కకు తప్పుకునే దారి లేదు. వెనకున్న కాక కాలు దించాల్సి వచ్చింది.

వెనక ఎందుకున్నాడంటే, ఎప్పుడూ ఆయన వెనకే వచ్చేవాడు. అదీ బాయి పద్ధతే. సర్దార్ అందరికంటే ముందు లోపలికి పోతాడు, అందరికంటే చివర బయటికొస్తాడు. "గట్టెక్కుడంటె బైటికొచ్చుడే సారూ. గందుకే నేను ఎనక" అనేవాడు. ఎవరు ఎంత నెమ్మదిగా తొక్కినా ఆయన వాళ్ళ వెనకే.

నాలుగోసారికి మేం ముగ్గురం ఒక్కటయ్యాం. దసరా అయిపోయింది, పత్తి పగులుతోంది, బాట ఎండి గట్టిపడింది. గట్టు కింద ఆగి, ఈసారి మీరే ముందుండాలి కాకా అన్నాం.

"సర్దార్ ముంగట పోతె ఎనకున్నోళ్ళను ఎవలు చూడాలె?"

"సారు చూస్తడు కాకా," అన్నాడు రమేశ్. "కడకు సారుంటడు."

నేను ఛాతీ విరుచుకుని తలూపాను. నాకు అంతవరకు నాలుగో మలుపు తొక్కుకుంటూ దాటిన అనుభవమే లేదు. అయినా తలూపాను. మనల్ని బాధ్యుల్ని చేస్తే ఎవరికి చేదు? కాక నేలను రెండుసార్లు కొట్టి, ముందుకు కదిలాడు.

మూడు మలుపులు అందరం బాగానే ఎక్కాం. నాలుగు కూడా దాటాను, నాకే ఆశ్చర్యం. ఐదో మలుపులో గాడి అంచు మీద చక్రం ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే కంపలో పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది, చైను ఊడి ఇరుక్కుపోయింది. ముందున్నవాళ్ళు అప్పటికే మలుపు తిరిగిపోయారు. నా వెనక ఎవరూ లేరు. చివర ఉండాల్సినవాణ్ణి నేనే మరి. ముళ్ళు పీక్కుంటూ కూర్చున్నాను. చైను లాగాను, రాలేదు. షుగర్ వచ్చిన నలభై ఏళ్ళ మనిషికి ఈ గట్టులెందుకు, ఈ కొమ్ముల బండెందుకు అనిపించింది. లేచి సైకిల్‌ను కింది వైపుకు తిప్పాను. నిశ్శబ్దంగా జారుకుంటూ ఇంటికి పోతే, తర్వాత ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్పొచ్చు. అదీ నా పథకం. తంబాకు డబ్బీలో నా బిళ్ళ ఉందన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తే లేదు.

పైన జరిగింది సుజాత తర్వాత చెప్పింది. కాక ఆరో మలుపు దాటాడు. ఏడో మలుపూ తిరిగాడు. పైన గూడెం వాళ్ళు బండల మీద కూర్చుని చూస్తున్నారు. వాళ్ళ మధ్య చిన్నమ్మ. చచ్చినా రానన్న మనిషి, వెనక దారిలో ఆటో కట్టించుకుని, రొట్టెల మూట ఒళ్ళో పెట్టుకుని వచ్చి కూర్చుంది. ఇంకో ముప్పై అడుగులు తొక్కితే గట్టు అయిపోయినట్టే. అక్కడ కాక తల తిప్పి వెనక్కి చూశాడు. సుజాత ఉంది, రమేశ్ ఉన్నాడు.

"సారేడి?"

"వస్తుండు కాకా, నువ్వు తొక్కు. గీ ముప్పై అడుగులే," అన్నాడు రమేశ్.

పై నుంచి చిన్నమ్మ లేచి నిలబడింది. చక్రం గుమ్మిలో పాతిపెట్టిన చిన్నమ్మే. "తొక్కు, తొక్కు. ఎనక చూడకు" అంది.

కాక కాలు కింద పెట్టాడు. ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదని సుజాత ఇప్పటికీ చెబుతుంది. కాలు పెట్టాడు, సైకిల్ తిప్పాడు, దిగిపోయాడు.

నన్ను ఐదో మలుపులో పట్టుకున్నాడు. నా సైకిల్ మొహం ఎటుందో చూశాడు.

"ఏడికి?"

"ఇంటికి కాకా. నా వల్ల కాదు. మీరు ఎక్కండి, నాకోసం ఆగకండి."

"నీ బిళ్ళ డబ్బీల ఉన్నది," అన్నాడు.

అంతే అన్నాడు. నేను జారుకుని ఉంటే ఈ ముగ్గురూ, పైనున్న గూడెం అంతా, ఈ ఎండలో ఈ కంపల్లో నాకోసం వెతుకుతూ ఉండేవాళ్ళు. నేను ఇంట్లో ఫ్యాను కింద ఉండేవాణ్ణి. మీరు ఎక్కేశారా కాకా అని అడిగాను.

"ముప్పై అడుగులు తక్కువ."

నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, బడిపిల్లాడిలా ఏడ్చాను. ఆయన ఏడాది పంతం నా భయం పాలైంది. కాక నన్ను ఓదార్చలేదు. కర్ర కొనతో చైను పొడిచి బయటికి తీసి పళ్ళకు తగిలించాడు. జేబులోంచి నువ్వుల ముద్ద తీసి నా చేతిలో పెట్టాడు.

"తిను. గట్టు ఏడికి పోదు. పా, కిందికి పోదాం."

"కిందికా?"

"మరి? నడిమిట్ల సంది ఎక్కితె ఎక్కినట్టు ఎట్లయితది? మొదటి సంది రావాలె. ఇద్దరం."

రమేశ్‌కు ఫోన్ చేసి పైనే ఉండమని చెప్పి, కిందికి దిగాం. కడుపు నిండా నీళ్ళు తాగి, వేపచెట్టు నీడన అరగంట కూర్చున్నాం. ఎండ నడినెత్తికొచ్చింది. లేచి, నువ్వు ముంగట నడువ్ అన్నాడు. నేను ఆగితే ఆయన ఆగాలి. ఎక్కే సత్తా ఆయనకు ఉండి కూడా, నా కాళ్ళ మీద ఆధారపడాలి. లెక్కల మాస్టారిని, ఆ మాత్రం నాకు తెలుసు.

"కాకా, వద్దు. నేను ఎప్పుడూ ఈ గట్టు ఎక్కలేదు. నా వల్ల మళ్ళీ పోతుంది."

"ఎరుకే."

"అయితే మీరే ముందు పోండి."

"సర్దార్ను సారూ. పొద్దున మీ మాట విని ముంగట పోయిన. తప్పయింది. ఇగ గట్ల చేయ. ఎనకనే వస్త."

ఎక్కడం మొదలుపెట్టాం. మూడు తొక్కులకు ఒక ఊపిరి, అదీ ఆయన నాకు నేర్పిన లెక్క. ఒకటి, రెండు, మూడు, ఊపిరి. మొదటి రెండు మలుపులు ఎలా పోయాయో తెలియదు. మూడో మలుపు నుంచి ఆయన ఊపిరి చప్పుడు నాకు వినిపించడం మొదలైంది. కొలిమి తిత్తిలా లోపలికీ బయటికీ, సన్నని కూతతో. ఆ చప్పుడు వింటూ తొక్కాను. నాలుగో మలుపు. ఐదో మలుపులో నేను విరిచిన కంప కొమ్మలు ఇంకా బాట మీదే ఉన్నాయి. వాటిని చూడగానే చేతులు వాటంతటవే బిగుసుకున్నాయి. "ఇడువు" అన్నాడు వెనక నుంచి. వేళ్ళు వదులు చేశాను. చక్రం గాడిలోనే ఉంది.

ఆరో మలుపు దగ్గర ఊపిరి చప్పుడు వినిపించలేదు. వెనక్కి చూడాలి. చూస్తే పడతాను. పడితే ఆయన కాలు దించాలి. చూడకపోతే, అక్కడ ఆయన బాట మీద పడిపోయి ఉంటే? చిన్నమ్మకు నేనేం చెప్పాలి? ఒకటి, రెండు, మూడు. ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయాను.

"ఉన్న," అన్నాడు వెనక నుంచి.

ఒక్క మాట. అక్కడి నుంచి నాలుగు తొక్కులకొకసారి ఆ మాట వినిపిస్తూ వచ్చింది. మాటకు ఊపిరి ఖర్చవుతుంది, ఆయన దగ్గర ఉన్నదే సగం. అయినా నాకోసం అంటూనే వచ్చాడు. ఉన్న. ఉన్న. నేను ఏడుస్తున్నానో, చెమటో తెలియదు, కళ్ళు మండుతున్నాయి. ఏడో మలుపులో మొరం వదులుగా ఉంది, వెనక చక్రం గిర్రున తిరిగింది, పట్టు దొరికింది, మళ్ళీ తిరిగింది, మళ్ళీ దొరికింది. పైన ఎవరో అరుస్తున్నారు. ఇరవై అడుగులు. పది. బాట సమమైంది. నేను పక్కకు తప్పుకుని, ఆయనకు దారి ఇచ్చి, అప్పుడు తిరిగి చూశాను.

కాక ఎక్కాడు. రెండు కాళ్ళూ పెడళ్ళ మీదే. మొహం బొగ్గు రంగుకు తిరిగింది, నోరు తెరుచుకుని ఉంది, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. ఎక్కాడు, ఆగలేదు. గూడెం ముందున్న మైదానంలో నెమ్మదిగా తొక్కుకుంటూ పోయి, చిన్నమ్మ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. తర్వాత ఇంకో చుట్టు. కాలు దించడానికి మనసొప్పడం లేదు. గూడెం వాళ్ళంతా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. చిన్నమ్మ రొట్టెల మూట రెండు చేతులా పట్టుకుని, ఆయన ఎటు తిరిగితే అటే తానూ తిరుగుతోంది.

"ఇగ దిగు. రొట్టెలు సల్లారినయ్," అంది. ఆమె బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

మూడో చుట్టు కూడా పూర్తి చేసి అప్పుడు దిగాడు. దిగి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. రమేశ్ పరుగెత్తి నాడి పట్టుకున్నాడు. చిన్నమ్మ తిడుతూ కొంగుతో ఛాతీ రుద్దింది. గూడెం పెద్దాయన రాం రాం అంటూ వచ్చి సొరకాయ బుర్రతో నీళ్ళు తెచ్చిపెట్టాడు. చాలాసేపు కాక ఆకాశాన్నే చూస్తూ పడుకున్నాడు. మేం నలుగురం ఆ ఛాతీ లేవడం, దిగడం చూస్తూ కూర్చున్నాం. తర్వాత లేచి కూర్చుని, నీళ్ళు తాగి, నా వైపు తిరిగాడు.

"సారూ. వచ్చే ఆదివారం సంది నేను ముంగట పోత. నువ్వు ఎనక రా."

పొద్దున అదే మాట మేం ముగ్గురం బతిమాలి ఒప్పించాం. ఇప్పుడు ఆయనే అన్నాడు. బాయి నుంచి పైకొచ్చేటప్పుడైనా, గట్టెక్కేటప్పుడైనా తన వెనక ఎవరినీ ఉంచుకోని మనిషి. ఆ మాట విని నేనేం చేయాలో తెలియక, జేబులో పెన్ను సర్దుకున్నాను. సుజాత చూసి నవ్వింది.

ఆ తర్వాత మూడేళ్ళు మేం ఆ చుట్టుపక్కల బాటలన్నీ తొక్కాం. ఆయన అందరికంటే ముందు, నేను చివర. నాకంటే ముందు ఎవరు ఆగినా నేను ఆగాను, ఎవరు పడినా లేపాను, చైనులు తగిలించాను. మలుపు మలుపుకూ ఆయన వీపు కనపడేది, కాసేపటికి మాయమయ్యేది, ఇంకో మలుపులో మళ్ళీ కనపడేది. ఆ మూడేళ్ళలో ఏ గట్టు మీదా, ఏ వాగులోనూ, ఒక్కసారి కూడా కాక వెనక్కి తిరిగి చూడలేదు.